నాన్నగారి ట్రంకుపెట్టె, అమ్మగారి భోగిమంట

ప్రశ్న: మాది కాకినాడ. నాన్నగారు పోయి ఏడాది దాటింది. ఆయన ట్రంకుపెట్టె తెరిస్తే సినిమా పాటల పుస్తకాలు రెండువందల పైచిలుకు, వారపత్రికల్లోంచి సీరియళ్ళు చింపి కుట్టించుకున్న బైండులు పద్నాలుగు, ఏ సినిమా ఏ హాల్లో చూశారో రాసుకున్న డైరీలు ఆరు, 1994లో జరిగిన మా పెళ్ళి వీడియో క్యాసెట్లు రెండు బయటపడ్డాయి. కాగితం ముట్టుకుంటే విరుగుతోంది. కొన్నింట్లో పురుగు, అడుగున చెమ్మ వాసన. అమ్మ "తుమ్ములు తప్ప ఏముంది వాటిలో, భోగికి వేసేయండి" అంటోంది. డాలస్‌లో ఉన్న తమ్ముడు క్యాసెట్లతో సహా అన్నీ కొరియర్ చేసేయమంటున్నాడు. నేనైతే అన్నీ లామినేషన్ చేయిద్దామనుకుంటున్నాను. ఏం చేస్తే మంచిది? — ఒక పాఠకురాలు

సమాధానం:

లామినేషన్ మాట ముందు మనసులోంచి తీసేయండి. భోగిమంటలో వేస్తే ఒక్కరోజులో పోతాయి, లామినేషన్ చేయిస్తే నెమ్మదిగా పోతాయి, తేడా అంతే. వేడికి కరిగిన ప్లాస్టిక్ జిగురు కాగితం పీచులోకి దిగిపోతుంది. తర్వాత దాన్ని విడదీసే దారి ఉండదు. పైగా కాగితాన్ని తినేస్తున్నది బయటి గాలి ఒక్కటే కాదు, లోపలి ఆమ్లం కూడా. దాన్ని బయటికి పోనివ్వకుండా మూత పెట్టినట్టవుతుంది.

వారపత్రికల కాగితం, పాటల పుస్తకాల కాగితం చవకరకం చెక్క గుజ్జుతో చేసినవి. చెక్కలో ఉండే లిగ్నిన్ అనే పదార్థాన్ని ఆ గుజ్జులోంచి తీసేయరు. వెలుతురు, గాలి తగిలేకొద్దీ అది గోధుమరంగుకు తిరుగుతుంది, ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం పీచును తుంచేస్తుంది. అందుకే అప్పడంలా విరుగుతోంది. ఇది కాగితం పుట్టుకతో వచ్చిన రోగం. ఇంట్లో దీన్ని నయం చేయలేం, నెమ్మదింపజేయగలం. చల్లదనం, చీకటి, పొడితనం, ఈ మూడే మందు. ఎంత పెళుసుగా ఉందో చూద్దామని మూల మడవకండి, ఆ మూల మీ చేతిలోకి వస్తుంది.

పెట్టెలోంచి ఏదీ తీయకముందే ఫోనుతో ఫొటోలు తీయండి. పైపొర, తర్వాతి పొర, అలా అడుగు దాకా. చాలామంది ఇక్కడే తొందరపడి, సైజుల ప్రకారం దొంతరలు పేర్చేస్తారు. ఏ పాటల పుస్తకం ఏ డైరీలో పెట్టి ఉందో, ఏ బైండు పక్కన ఏ టిక్కెట్టు ముక్క ఉందో ఒకసారి చెదిరితే మళ్ళీ తెలియదు. అది ఎందుకంత ముఖ్యమో కాసేపట్లో చెబుతాను.

తర్వాత పురుగు సంగతి. ఏ పురుగో తెలియకుండా మందు కొట్టకండి. పుస్తకం తెరవగానే వెండిరంగులో జారిపోయేది సిల్వర్ ఫిష్. అది కాగితాన్ని పైపైన గీకి తింటుంది, జిగురున్నచోట, అట్టమీద మచ్చలు మచ్చలుగా పలచబడుతుంది. పిండిరవ్వ నడుస్తున్నట్టు కనిపించేవి పుస్తకపు పేలు. ఇవి కాగితం జోలికి పెద్దగా పోవు, దానిమీద పట్టిన బూజును తింటాయి. చెమ్మ పోతే అవే పోతాయి. గుండ్రటి సన్న రంధ్రం పేజీ తర్వాత పేజీ దొలుచుకుంటూ పోయి, దులిపితే మెత్తటి పొడి రాలుతోందంటే అది పెంకుపురుగు పిల్ల. ఇక మట్టి పూసినట్టు గీతలు, లోపల గుల్ల కనిపిస్తే చెదలు. మొదటి మూడూ పుస్తకంలో ఉంటాయి. చెదలు మాత్రం నేలలోంచి, గోడలోంచి వస్తాయి. పుస్తకానికి మందు కొట్టి లాభం లేదు. గోడకూ నేలకూ కలిసేచోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి మందు లోపలికి ఎక్కించి మూసేసే పద్ధతి ఉంది, చెద మందు వేసేవాళ్ళను పిలిపించి అదే చేయించండి. పైపైన స్ప్రే కొట్టి పోయేవాళ్ళకు డబ్బు దండగ. ఏ మందైనా సరే, కాగితం మీద మాత్రం పడనివ్వకండి. మరక పడుతుంది, రేపు పేజీ తిప్పేది మీరే.

పెంకుపురుగుకూ సిల్వర్ ఫిష్‌కూ మందులేని ఉపాయం డీప్ ఫ్రీజర్. నవ్వకండి, పెద్ద గ్రంథాలయాలు చేసేదీ ఇదే. డబుల్ డోర్ ఫ్రిజ్ పైఅరలో ఐస్‌క్రీమ్ రాయిలా గడ్డకడుతోందంటే అది మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉన్నట్టు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లోని చిన్న అర అంత చల్లబడదు, దాన్ని నమ్ముకోవద్దు. నాలుగైదు పుస్తకాలు కలిపి పల్చటి నూలుగుడ్డలో చుట్టి, మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి నొక్కేసి, టేపుతో గట్టిగా మూసేయండి. రెండు వారాలు ఉంచండి. తీశాక సంచి వెంటనే విప్పితే మొత్తం చేసిన పని చెడుతుంది. చల్లటి గ్లాసు మీద నీటిబొట్లు పట్టినట్టు పుస్తకం మీదా పడతాయి. ఒక రోజంతా సంచితోనే బయట ఉంచి, మామూలు వేడికి వచ్చాకే విప్పాలి. చెమ్మ తగిలి తడిగా ఉన్నవాటిని ఆరకుండా ఫ్రీజర్‌లో పెట్టకండి. క్యాసెట్లు అసలే పెట్టకండి.

ఎండలో ఆరబెట్టమని అందరూ చెబుతారు. రోహిణి కార్తె ఎండలో డాబా మీద పరిస్తే పురుగు పారిపోతుంది, నిజమే. దాంతోపాటు కాగితం ఇంకో పదేళ్ళు ముసలిదవుతుంది, బాల్‌పెన్ రాత వెలిసిపోతుంది. ఆరబెట్టాల్సింది నీడలో, గాలాడేచోట. మీ కాకినాడలో సముద్రపు గాలి వల్ల ఏడాది పొడుగునా చెమ్మ ఉంటుంది కాబట్టి వాన లేని రోజు చూసుకుని మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు లోపు ఈ పని పెట్టుకోండి. పుస్తకాలను నిలబెట్టి, పేజీలు విసనకర్రలా కాస్త విచ్చి, ఫ్యాను నేరుగా వాటిమీదికి కాకుండా పక్కకు తిప్పి మూడు నాలుగు గంటలు ఉంచితే చాలు. సాయంత్రం చల్లబడ్డాక బయట ఉంచితే మధ్యాహ్నం పోయిన చెమ్మ మళ్ళీ ఎక్కుతుంది.

బూజు తడిగా ఉండగా తుడవకండి, రంగు పూసినట్టు పులుముకుపోతుంది. ఆరాక వరండాలో, ముక్కుకు ఎన్95 మాస్కు కట్టుకుని, పిల్లల డ్రాయింగు బ్రష్షుల్లో వెడల్పుగా మెత్తగా ఉన్నదానితో కుట్టు దగ్గర్నుంచి బయటికి దులపండి. డెట్టాలు, కిరసనాయిలు, తడిగుడ్డ ఏవీ వద్దు. మీ అమ్మగారి తుమ్ములకు కారణం ఈ బూజూ దుమ్మే. ఆమె మాటలో సగం న్యాయం ఉంది. శుభ్రం చేసేటప్పుడు ఆమెను లోపలి గదిలో ఉండమనండి.

కలరా ఉండల విషయం కూడా చెప్పాలి, ఎలాగూ ఎవరో ఒకరు పెట్టమంటారు. నాఫ్తలీన్ వాసన పురుగును కొంత దూరంగా ఉంచుతుంది, చంపుతుందన్న భరోసా లేదు. ఆ ఆవిరి మనకూ మంచిది కాదు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పసిపిల్లలకు దాని ఆవిరి తగిలితే రక్తకణాలు చిట్లుతాయి. ఇంట్లో పురిటికి వచ్చినవాళ్ళుంటే ఆ పెట్టె ఛాయలకు కూడా రానివ్వకండి. వేపాకు పెడితే బాగా ఎండినదే, అదీ గుడ్డమూటలో. పచ్చి ఆకు పేజీల మధ్య పెడితే చెమ్మ, మరక, బూజు మూడూ ఒకేసారి వస్తాయి. తాళపత్రాలకు నిమ్మగడ్డి నూనె రాస్తారు కదా అని కాగితానికి రాయకండి. తాటాకు నూనెతో మెత్తబడుతుంది, కాగితం అప్పడాలు వేయించిన కాగితంలా తయారవుతుంది.

అసలు మందు చోటే. పురుగు, బూజు పుస్తకంలో పుట్టవు, పుస్తకం ఉన్న చోటులో పుడతాయి. ఇనప ట్రంకుపెట్టె నేలమీద ఉంటే రాత్రి చల్లబడి లోపల చెమ్మ కక్కుతుంది, అడుగున తుప్పు కాగితానికి అంటుతుంది. అటక మీద పెడితే వేసవిలో స్లాబు వేడికి పొయ్యిమీద పెట్టినట్టే. స్నానాలగది గోడకు ఆనించిన అలమరా, వాన కొట్టే పడమటి గోడ, దేవుడి దీపం పక్కన అర, ఇవన్నీ వద్దు. ఇంటి మధ్యలో ఉండే లోగోడకు రెండంగుళాల ఎడం వదిలి, నేలకు నాలుగంగుళాల ఎత్తులో ఒక బీరువా చాలు. రంగు వేసిన స్టీలు బీరువా మంచిదే, వారానికోసారి పొడివేళ గంటసేపు తలుపులు తీసి ఉంచండి. కొత్త ప్లైవుడ్ అయితే ముక్కు మంట పుట్టే ఆ వాసన పోయేదాకా ఖాళీగా ఆరనివ్వండి, ఆ ఆవిరి కూడా కాగితానికి పడదు. గాలిలో చెమ్మ కొలిచే చిన్న డిజిటల్ మీటరు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ఈ పనిలో మీరు పెట్టే ఖర్చుల్లో అన్నిటికంటే పనికొచ్చేది అదే. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే హాయి. 65 దాటి రోజుల తరబడి నిలిస్తే బూజు ఎదురుచూస్తోందన్నమాట. తుపాను నెలల్లో సిలికా జెల్ పావుకిలో గుడ్డసంచిలో వేసి అరలో పెట్టండి. నారింజరంగు గుళికలది అడగండి, నీలంరంగుదాంట్లో కోబాల్ట్ అనే హానికరమైన పదార్థం ఉంటుంది. రంగు మారాక వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు, కానీ వంటకు వాడే మూకుడులో కాదు.

ఇప్పుడు పాటల పుస్తకాలు. ఎనిమిది పేజీలో, పన్నెండు పేజీలో ఉండే ఈ చిన్న పుస్తకాలకు మధ్యలో రెండు పిన్నులుంటాయి. పిన్ను తుప్పుపట్టి చుట్టూ గోధుమరంగు వలయం, ఆ వలయం దగ్గరే పేజీ ఊడటం మీరు చూసే ఉంటారు. ఒకటి తీసుకుని చూద్దాం. నడిమి పేజీ తెరిస్తే పిన్ను కాళ్ళు రెండూ లోపలికి మడిచి కనిపిస్తాయి. పాత ఎక్స్‌రే ఫిల్మ్ లోంచి వేలెడంత ముక్క కత్తిరించి, ఆ కాళ్ళకూ కాగితానికీ మధ్య దూర్చండి. ఇక కాగితం మీద ఒత్తిడి పడదు. పదును లేని సన్నటి చాకు మొనతో ఒక్కొక్క కాలూ నిలబడేదాకా లేపండి. పుస్తకం తిరగేసి వెన్నువైపు నుంచి పిన్ను మెల్లగా లాగితే వచ్చేస్తుంది. తుప్పుకు కాలు విరిగిపోతే విరగనివ్వండి, రెండు ముక్కలూ చెరోవైపు నుంచి తీయొచ్చు. లాగి పీకితే మాత్రం వలయమంతా ఊడి, పుస్తకానికి కిటికీ పడుతుంది.

కాగితం ఇంకా వంగుతోందంటే దారంతో కుట్టొచ్చు. తుప్పు వలయాలను వదిలేసి, మడత మీద మధ్యలో ఒకటి, పైన ఒకటి, కింద ఒకటి, మూడు సన్నటి రంధ్రాలు. జాకెట్లు కుట్టే దారం కంటే కాస్త లావైన తెల్ల నూలుదారం, పుస్తకం ఎత్తుకు రెండున్నర రెట్లు. లోపలినుంచి మధ్య రంధ్రంలోంచి బయటికి తీయండి, కొస రెండంగుళాలు లోపలే వదలండి. బయటినుంచి పై రంధ్రంలోకి, లోపల మధ్య రంధ్రాన్ని దాటుకుని కింది రంధ్రంలోంచి బయటికి, మళ్ళీ మధ్య రంధ్రంలోకి. లోపల ఇప్పుడు రెండు కొసలుంటాయి. పొడుగు కుట్టుకు అటొకటి ఇటొకటి ఉంచి, దానిమీదుగా ముడివేయండి. బిగించి లాగొద్దు. సన్నదారం బిగిస్తే జున్ను కోసినట్టు కాగితాన్ని కోసేస్తుంది. పెళుసెక్కిన పుస్తకానికి ఈ కుట్టు కూడా వద్దు. ఆమ్లరహితం అని రాసి ఉన్న మంచిరకం ఏ4 కాగితం ఒకటి మధ్యకు మడిస్తే పాటల పుస్తకానికి సరిపడే జాకెట్టు అవుతుంది. దాంట్లో విడి పేజీలు వరుస తప్పకుండా పెట్టి ఉంచడమే మంచి వైద్యం.

సెల్లో టేపు వేయాలని చెయ్యి దురదపెడుతుంది. పదేళ్ళలో ప్లాస్టిక్ ఊడి రాలిపోయి, జిగురు మాత్రం గోధుమరంగు చారగా కాగితంలోనే ఉండిపోతుంది. చిరుగు అతికించక తప్పదంటే పల్చటి పొడుగుపీచు టిష్యూ, చిత్రకళ సామాను కొట్లలో జపనీస్ టిష్యూ అని అడిగితే ఇస్తారు, దానిమీద ఉడికించిన మైదా జిగురు. ఒక చెంచా మైదాకు ఐదు చెంచాల నీళ్ళు, ఉండకట్టకుండా కలిపి సన్నసెగ మీద పది పదిహేను నిమిషాలు, అద్దంలా నిగనిగలాడేదాకా తిప్పి, వడకట్టాలి. వేలితో కాదు, బ్రష్షుతో పొరలా రాయాలి. ఎక్కువైతే అది సిల్వర్ ఫిష్‌కు విందుభోజనం. ప్లాస్టిక్ తొడుగులు కొనేటప్పుడు వాసన చూడండి. కొత్త రెయిన్‌కోటు వాసన వస్తే అది పీవీసీ, అచ్చు సిరాను పట్టేసుకుని కాగితానికి అంటుకుపోతుంది. పాలీప్రొపిలీన్ అని రాసి ఉన్నవే తీసుకోండి.

పొరలు పొరలుగా ఫొటోలు తీయమన్నది ఎందుకో ఇప్పుడు చెబుతాను. పాటల పుస్తకం మీద సాధారణంగా సంవత్సరం ఉండదు. కథ సగం చెప్పి "మిగతా కథ వెండితెర మీద చూడండి" అనడం తెలిసినవాళ్ళకు తేదీ వేయడం తెలియలేదు. కానీ ఆనవాళ్ళు ఉంటాయి. వెల అణాల్లో ఉంటే పాతది. "న.పై." (నయా పైసలు) అని ఉంటే 1957 ఏప్రిల్ 1కి తర్వాతది, ఎందుకంటే దశాంశ నాణేలు అప్పుడే వచ్చాయి. "నయా" అన్న మాటను 1964 జూన్ 1 నుంచి అధికారికంగా తీసేశారు, అచ్చాఫీసులు ఇంకో ఏడాదో రెండేళ్ళో వాడి ఉండొచ్చు. ఆఖరిపేజీ అడుగున ప్రెస్సు చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాత అచ్చయింది. "మద్రాసు-17", "మద్రాసు-26" లాంటి పాత పద్ధతి ఉంటే మాత్రం ఏమీ తేలదు, పిన్ కోడ్ వచ్చాక కూడా అలవాటుకొద్దీ అలాగే వేసినవాళ్ళున్నారు. ఇంకో మెలిక: సినిమా మళ్ళీ విడుదలైనప్పుడు పాటల పుస్తకమూ మళ్ళీ అచ్చయ్యేది. కాబట్టి ఈ గుర్తులు చెప్పేది ఆ పుస్తకం వయసు, సినిమా వయసు కాదు.

మీ నాన్నగారి డైరీలు ఇక్కడే అక్కరకొస్తాయి. ఏ తేదీన ఏ హాల్లో చూశారో ఆయన రాశారు. పాటల పుస్తకం హాలు దగ్గర కొన్నదే అయితే దాని తేదీ డైరీలో ఉంది. విడివిడిగా చూస్తే పాటల పుస్తకం చవక కాగితం, డైరీ ఒకరి సొంత రాత. రెండూ కలిస్తే ఒక ఊళ్ళో ఒక మనిషి ఏ ఏటికి ఏ సినిమా, నేలలో కూర్చునో బెంచీలోనో కుర్చీలోనో చూశాడన్నది తెలుస్తుంది. ఇది ఇంకెక్కడా దొరకదు. అందుకే పాటల పుస్తకాలు తమ్ముడికి, డైరీలు మీకు అని పంచుకోకండి. ఒక నోటుబుక్కులో ఒక్కొక్క పాటల పుస్తకానికి ఒక అంకె ఇచ్చి, ఎదురుగా డైరీ తేదీ, హాలు పేరు, టిక్కెట్టు తరగతి రాయండి. అదే అంకె పుస్తకం చివరి అట్ట లోపలి మూల 2బీ పెన్సిలుతో సన్నగా వేయండి. పెన్ను పనికిరాదు.

డైరీలో పొట్టి అక్షరాలు, ముద్దుపేర్లు అర్థం కాకపోతే, విప్పిచెప్పగలిగినవాళ్ళు మీ ఇంట్లోనే ఉన్నారు, భోగిమంటలో వేయమంటున్నావిడే. రోజుకు నాలుగు పేజీలు ఆమెకు చదివి వినిపించండి, ఫోనులో రికార్డింగు పెట్టుకుని. "ఆ రోజు మధ్యలో కరెంటు పోయింది", "ఆ సినిమాకి నన్ను తీసుకెళ్ళలేదు" లాంటివి వస్తాయి. ఫైలుకు డైరీ తేదీనే పేరుగా పెట్టండి. డైరీ ఫౌంటెన్ పెన్ను రాత అయితే చేతులు పొడిగా ఉండాలి, నీలంసిరా చెమట తగిలినా పాకుతుంది.

వీటన్నిటిలో ఫొటో తీయాల్సిన వరుస: ముందు డైరీలు, తర్వాత పాటల పుస్తకాలు, ఆఖర్న బైండులు. బైండుల్లోని సీరియళ్ళు తర్వాత పుస్తకాలుగా వచ్చి ఉంటే, ముందు అవి బజారులో ఉన్నాయేమో చూడండి. పాత చందమామలైతే చాలావరకు ఎవరో ఒకరు ఇప్పటికే స్కాన్ చేశారు, వాటికి మీ ఆదివారాలు ఖర్చు చేయక్కర్లేదు. అయితే సీరియల్ బొమ్మలు, పక్కనే మిగిలిన ప్రకటనలు, అంచున నాన్నగారు రాసిన మాటలు పుస్తకరూపంలో రావు. అవి ఉన్న పేజీలు తీయండి.

దీనికి స్కానరు కొనక్కర్లేదు, పైగా బైండును స్కానరు మీద బోర్లా అదిమితే వెన్ను విరుగుతుంది. 12 మెగాపిక్సెళ్ళ ఫోను పొడుగువైపు 4000 చుక్కలు పడుతుంది. 28 సెంటీమీటర్ల వారపత్రిక పేజీ ఫ్రేము నిండా పడితే అంగుళానికి 360 చుక్కలు వస్తాయి, తెలుగు ఒత్తులు చదవడానికి అది చాలు. కిటికీ పక్కన పొద్దున పదింటి వెలుతురు, ట్యూబులైటూ ఫ్లాషూ ఆపేసి, ఫోను పేజీకి సమాంతరంగా. వెనక పేజీ అచ్చు ఇటు కనిపించకుండా తీసే పేజీ కింద నల్ల చార్టు కాగితం పెట్టండి. బైండును బల్లపరుపుగా తెరవకండి, రెండు దిండ్ల మధ్య ఒళ్ళో పెట్టుకున్నట్టు వంద డిగ్రీలు తెరిస్తే చాలు. ముందు కుడి పేజీలన్నీ తీసి, తర్వాత ఎడమవన్నీ తీయండి, చెయ్యి అలవాటుపడుతుంది. పేజీకి పది సెకన్లు వేసుకున్నా 300 పేజీల బైండు యాభై నిమిషాల పని. నాలుగు ఎంబీల చొప్పున ఒక బైండు 1.2 జీబీ, పద్నాలుగూ కలిపి 17 జీబీ లోపే.

స్కానింగు యాప్‌లలో పేజీని తెల్లగా నల్లగా మార్చే మీట ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కకండి. పాత అచ్చులో "థ" లోపలి చుక్క, "ధ" కింది గీత సన్నగా ఉంటాయి. ఆ మీట నొక్కితే రెండూ ఎగిరిపోయి అన్నీ "ద"లైపోతాయి. "ప", "వ" కూడా కలిసిపోతాయి. రంగులోనే ఉంచండి, పసుపుగా ఉన్నా సరే. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి, లేదా డ్రైవ్‌లో పెట్టండి. ఒక కాపీ కంప్యూటరులో, ఒకటి బయటి హార్డ్ డిస్కులో, ఒకటి తమ్ముడి దగ్గర. డాలస్ తమ్ముడికి కాగితాలు కాదు, ఈ ఫైళ్ళు పంపండి. డైరీల్లోని రాతను టైపు చేసే పని అతనికి అప్పజెప్పండి. ఇంత ఇష్టం ఉన్నవాడు చేస్తాడు, చేయకపోతే ఆ ఇష్టం ఎంతదో తెలుస్తుంది.

ఫొటోలు ఇంట్లో చూసుకోవడానికి తీసుకోవచ్చు. సీరియళ్ళను ఇంటర్నెట్‌లో అందరికీ పెట్టడం వేరే సంగతి. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్ళ దాకా కాపీరైటు ఉంటుంది. అనువాద నవల అయితే అనువాదకుడి లెక్క వేరు. మీ నాన్నగారి డైరీల మీద హక్కు మాత్రం మీ ఇంటివాళ్ళదే.

క్యాసెట్లను తమ్ముడు అడిగినా అమెరికా పంపకండి. 1994లో మన దగ్గర తీసినవి పాల్ అనే వీడియో పద్ధతివి. అక్కడి మామూలు వీసీఆర్లు ఎన్‌టీఎస్‌సీ అనే వేరే పద్ధతివి, బొమ్మ సరిగా రాదు. ఇక్కడే ఫైలుగా మార్పించండి, అదీ ఈ ఏడాదే. వీసీఆర్లు తయారుచేసే ఆఖరి పెద్ద కంపెనీ 2016 జూలైలో ఆపేసింది. ఉన్నవి అరుగుతున్నాయి, బాగుచేసేవాళ్ళు తగ్గుతున్నారు. క్యాసెట్ కిటికీలోంచి టేపు అంచున చూడండి. తెల్లటి పొడి చుక్కలుంటే అది బూజు, వీసీఆర్‌లో పెట్టకండి. హెడ్డుకు అంటుకుని తర్వాత పెట్టిన క్యాసెట్‌కూ పాకుతుంది, టేపు తెగినా తెగొచ్చు. శుభ్రం చేసేవాళ్ళకే ఇవ్వండి. బాగుంటే ముందు వెన్నువైపు చిన్న ప్లాస్టిక్ నాలుక ఉందేమో చూసి విరిచేయండి, పొరపాటున దానిమీద రికార్డింగు పడదు.

షాపులో ఇచ్చేటప్పుడు నాలుగు మాటలు గట్టిగా చెప్పండి. ముందు టేపును ఒకసారి చివరిదాకా తిప్పి మళ్ళీ వెనక్కి తిప్పమనండి, ఏళ్ళ తరబడి ఒక్కచోట ఉండి వదులైన చుట్టు సర్దుకుంటుంది. 720 బై 576 కొలతలోనే తీయమనండి, హెచ్‌డీ చేస్తామంటే వద్దనండి, లేని వివరం ఎక్కడినుంచీ రాదు, ముఖాలు మైనపుబొమ్మల్లా అవుతాయి. కత్తిరింపులు, పాటలు కలపడం వద్దనండి. పెళ్ళి వీడియోలో తాళికట్టే వేళ సినిమా పాట వేయడం మనవాళ్ళకు సరదా. ఆ పాట కింద మీ అమ్మమ్మ గొంతు మునిగిపోతుంది. డీవీడీ కాదు, పెన్‌డ్రైవ్‌లో ఫైలు ఇవ్వమనండి. మూడు గంటల క్యాసెట్ డీవీ అనే డిజిటల్ వీడియో పద్ధతిలో తీస్తే గంటకు 13 జీబీ చొప్పున 39 జీబీ అవుతుంది, క్యాసెట్‌కొకటి చొప్పున 64 జీబీవి రెండు పట్టుకెళ్ళండి. తీసుకునేముందు మొదట్లో, మధ్యలో, చివర్లో పెట్టి చూడండి. మాట పెదవులతో కలుస్తోందా అన్నది చివర్లోనే తెలుస్తుంది. పాత క్యాసెట్ పారేయకండి, నిలువుగా, స్పీకర్లకు దూరంగా పెట్టండి.

ఇంతా చేసి బైండులకు చోటు లేదనుకుంటే, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం మీకు దగ్గరే, వేటపాలెంలో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం ఉంది. బండిలో వేసుకుని గుమ్మం ముందు దింపకండి. పేరు, పత్రిక, సంవత్సరం, ఎన్ని పేజీలు పోయాయో రాసిన జాబితా ముందు పంపి, కావాలంటేనే తీసుకెళ్ళండి. ఫ్రీజర్‌లో పెట్టామని కూడా చెప్పండి. పురుగున్న పుస్తకం ఏ గ్రంథాలయమూ తీసుకోదు.

అమ్మగారికి భోగిమంటలో వేయడానికీ కొంత ఉంటుంది. ట్రంకుపెట్టె అడుగున పరిచిన పాత దినపత్రికలు, పురుగు తిని పొడైపోయిన అట్టలు, ఎక్కడా పేజీ అన్నది మిగలని ముక్కలు. వేసేముందు ఆ దినపత్రికలను ఒక్కసారి తిరగేయండి. పరిచినరోజు తేదీ దానిమీద ఉంటుంది. అది కూడా నోటుబుక్కులో రాసుకోండి.